ఒక్క ఆర్‌జే, 50 గంటల లైవ్: బెంగళూరులో తెలుగు రేడియో మారథాన్‌కి ఏర్పాట్లు

రేడియో మారథాన్ మాట ఎత్తితే చాలు, ముందుగా అడిగేది గొంతు నిలబడుతుందా అనే. జాగ్రత్తగా వాడుకుంటే గొంతు నిలబడుతుంది. తేడా కొట్టేవి వేరే ఉన్నాయి: విరామాల లెక్క, వీడియో రికార్డింగ్, ప్రసారం ఆగలేదని సంతకం పెట్టడానికి తెల్లవారుజామున నాలుగింటికి వస్తానన్న సాక్షి. ఆర్‌జే ఎంత బాగా మాట్లాడినా ఈ మూడింట్లో ఒకటి తప్పితే పడ్డ కష్టమంతా నీళ్ళపాలే. అందుకని మైకు దగ్గరికి రావడానికి ఇక్కడ కాస్త ఆలస్యమవుతుంది.

ఈ లెక్కలన్నీ శుక్రవారం ఉదయం 8కి మొదలై ఆదివారం ఉదయం 10కి ముగిసే ప్రసారానికి వేసినవి. ఒకే ఆర్‌జే, వంతులవారీగా పనిచేసే ఇద్దరు ప్రొడ్యూసర్లు, మారతహళ్ళిలోనో బీటీఎం లేఔట్‌లోనో ఒక గది, అందులోంచి నడిచే తెలుగు ఇంటర్నెట్ రేడియో. ఇది ఏర్పాటు.

ఎన్ని గంటలు పెట్టుకోవాలి

2015 అక్టోబర్‌లో నెదర్లాండ్స్ స్టేషన్ 3ఎఫ్ఎంలో గియెల్ బేలెన్ 198 గంటలు ప్రసారం చేశాడు. అంటే ఎనిమిది రోజుల పైమాటే. గంటకు 5 నిమిషాల విరామం అనే గిన్నిస్ నిబంధన ప్రకారం అతనికి రోజుకు దక్కింది మొత్తం రెండు గంటలు. నిద్ర, తిండి, స్నానం అన్నీ అందులోనే. తొలి ప్రయత్నంలో అటువైపు చూడకండి. 1959లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో పీటర్ ట్రిప్ నిద్ర లేకుండా 201 గంటలు చేసినప్పుడు చివరి రోజుల్లో లేనివి కళ్ళముందు కనపడ్డాయి. అసలు నిద్ర మానుకోవడాన్నే రికార్డుగా నమోదు చేయడం గిన్నిస్ వాళ్ళు 1997లో ఆపేశారు. మారథాన్ నిబంధనల్లో విరామాలు ఉన్నాయి కదా అని ధీమా పడొద్దు, శరీరానికి చాలేంత నిద్ర వాటిలో లేదు.

50 గంటలైతే రెండు రాత్రులు దాటితే చాలు. మూడో రాత్రి వచ్చేసరికి ఆర్‌జే తన మీద తాను తీసుకునే నిర్ణయాల్ని నమ్మడానికి లేదు. ఆ పరీక్ష మొదటిసారే వద్దు.

గిన్నిస్‌కి పంపే ఉద్దేశం ఉన్నా లేకపోయినా ఆ పద్ధతిలోనే నడపండి, తర్వాత ఎవరు అడిగినా చూపించడానికి ఆధారం ఉంటుంది. పంపేటట్లైతే దరఖాస్తు ముందే పెట్టాలి. ఫీజు లేని మామూలు దరఖాస్తుకి జవాబు రావడానికి 12 వారాల దాకా పడుతుంది. ఆ జవాబుతో వచ్చే నిబంధనల పత్రమే ప్రమాణం. దాన్ని అచ్చు తీసి స్టూడియో గోడకి అంటించండి. ఇక్కడ చెప్పినదానికీ దానికీ ఎక్కడ తేడా వచ్చినా ఆ పత్రం చెప్పినట్టే నడుచుకోండి.

విరామాల ఖాతా

సూత్రం చిన్నది. ఒక గంట పూర్తయితే 5 నిమిషాలు జమ. వాడుకోకపోతే పోదు, పోగవుతుంది. పూర్తికాని గంటకి ముందుగా అప్పు మాత్రం దొరకదు. బాత్రూం, భోజనం, కునుకు అన్నీ ఈ ఖాతాలోంచే. ఒక్క నిమిషం ఎక్కువ తీసినా ప్రయత్నం అక్కడితో ముగిసినట్టే.

మన 50 గంటలకి పనికొచ్చే ప్రణాళిక ఇది. శనివారం తెల్లవారుజామున 4కి 20 గంటలు పూర్తవుతాయి, 100 నిమిషాలు జమ. అప్పటికి బాత్రూంకీ తిండికీ 30 పోయాయనుకుంటే చేతిలో 70. అప్పుడు 25 నిమిషాల కునుకు, మిగిలేది 45. మధ్యాహ్నం 3కి ఇంకో 55 జమ, చిల్లర ఖర్చు 15, చేతిలో 85. అందులోంచి 20 నిమిషాల కునుకు తీస్తే 65. ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకి మళ్ళీ 55 జమ, 15 ఖర్చు, చేతిలో 105. అప్పుడు 90 నిమిషాల పెద్ద నిద్ర. మిగిలే 15 నిమిషాలు కడుపు నొప్పికో, ఊహించని ఇబ్బందికో. వాటిని ముట్టుకోవద్దు.

పెద్ద నిద్ర 90 ఎందుకంటే నిద్రలో ఒక పూర్తి చక్రం సుమారు అంతసేపు పడుతుంది. మధ్యలో, గాఢనిద్రలో లేపితే మనిషి పావుగంట నుంచి అరగంట దాకా మత్తులోనే ఉంటాడు. చిన్న కునుకు 25 నిమిషాలు దాటకూడదనేది కూడా ఇందుకే. ఇంకో సంగతి, 90 అంటే మంచం మీద 90 కాదు. మైకు ముందు నుంచి లేచిన క్షణం నుంచి తిరిగి మాట్లాడే క్షణం దాకా. పోవడానికి, రావడానికి, మొహం కడగడానికి పది నిమిషాలు తీసేసి 80కి అలారం పెట్టండి. ఒక అలారం ఆర్‌జే ఫోన్‌లో, ఒకటి టైంకీపర్ చేతిలో. లేపడానికి ఇద్దరు వెళ్ళాలి. ఒక్కరే వెళ్తే "ఇంకో రెండు నిమిషాలు" అనే మాటకి కరిగిపోతారు.

టైంకీపర్‌కి ఈ ఖాతా తప్ప ఇంకో పని అప్పగించవద్దు. లాగ్‌షీట్‌లో వరుస ఇలా ఉండాలి: "02:41 బయటికి, 02:45 మైకు ముందుకి, వాడింది 4, మిగిలింది 60." పక్కన ఇద్దరు సాక్షుల సంతకాలు. నిమిషాలు గోడ గడియారం ప్రకారమే రాయాలి, ఫోన్లు చూసి కాదు. ఆ గడియారం వీడియోలో కనపడుతూ ఉండాలి.

సాక్షులు, అసలు తలనొప్పి

ప్రతి నిమిషం ఇద్దరు స్వతంత్ర సాక్షులు గదిలో ఉండాలి. ఒకరి వంతు 4 గంటలకి మించకూడదు. 50 గంటలకి 13 వంతులు, ఒక్కోదానికి ఇద్దరు, మొత్తం 26 స్థానాలు. స్టేషన్ సిబ్బంది, ఆర్‌జే బంధువులు పనికిరారు. పగటి వంతులకి మనుషులు సులువుగా దొరుకుతారు. రాత్రి 12 నుంచి 4, 4 నుంచి 8 వంతులే కష్టం. మెట్రో రాత్రి ఆగిపోతుంది, తెల్లవారుజామున క్యాబ్ రద్దయిందన్న మెసేజ్ ఒకటి చాలు లెక్క తప్పడానికి. అందుకే రాత్రి వంతుల వాళ్ళని రెండు కిలోమీటర్ల లోపల ఉండేవాళ్ళనుంచే తీసుకోండి, లేదా రాత్రి పదింటికే పిలిపించి పక్క గదిలో పడుకోబెట్టండి. రాత్రి వంతు ఒక్కోదానికి అదనంగా ఒకరిని సిద్ధంగా ఉంచండి.

సాక్షికి తెలుగు రావాలా? నిబంధన కోసం కాకపోయినా వస్తే మేలు. ఆర్‌జే ఒకే వాక్యాన్ని మూడుసార్లు చెప్తున్నాడా, తడబడుతున్నాడా అన్నది భాష తెలిసినవాళ్ళకే పట్టుబడుతుంది. ఇద్దరిలో ఒకరికి వస్తే చాలు, రెండోవారు ఎదురింటి కన్నడ ఆయనైనా ఇబ్బంది లేదు.

రికార్డింగ్

1080పి వీడియో 4 మెగాబిట్ల రేటుతో తీస్తే గంటకు 1.8 జీబీ, 50 గంటలకు 90 జీబీ. రెండు కెమెరాలు రెండు కోణాల్లో పెట్టి, వేర్వేరు యంత్రాల్లో రికార్డు చేయండి. ఫొటోలు తీసే కెమెరాలు వద్దు. చాలా మోడళ్ళలో 29 నిమిషాల 59 సెకన్లకి రికార్డింగ్ దానంతటదే ఆగిపోతుంది, ఆగిన సంగతి ఎవరూ గమనించరు. డీవీఆర్‌తో, అంటే రికార్డింగ్ పెట్టెతో ఉన్న సీసీటీవీ కెమెరా ఒకటి, ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ నడిచే కంప్యూటర్‌కి వెబ్‌కామ్ ఒకటి చాలు. ఓబీఎస్‌లో ఫైలు రకం ఎంకేవీ పెట్టండి. ఎంపీ4 పెట్టి మధ్యలో కరెంటు పోతే ఆ ఫైలు మొత్తం తెరుచుకోకుండా పోవచ్చు. ఎంకేవీలో అప్పటిదాకా రికార్డయింది దక్కుతుంది. గంటకో ఫైలుగా విడగొట్టమని చెప్పండి.

ఆడియో లాగ్ విడిగా ఉండాలి. 128 కేబీపీఎస్‌లో గంటకు 58 ఎంబీ లోపే, మొత్తం 3 జీబీ కూడా కాదు. గురువారమే ప్రతి కంప్యూటర్‌లో విండోస్ అప్‌డేట్‌ని వాయిదా వేసి, స్లీప్ మోడ్ ఆపేయండి. శనివారం రాత్రి మూడింటికి నీలిరంగు తెర మీద "అప్‌డేట్ జరుగుతోంది, 12 శాతం" అని చూడాల్సి వస్తే ఎవరిని తిట్టి ఏం లాభం?

కరెంటు, నెట్

మిక్సర్, రెండు కంప్యూటర్లు, రూటర్, లైట్లు కలిపి 400 వాట్ల దాకా లాగుతాయి. ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీకి మారేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లు ఖాళీ వస్తుంది, ఆ కాస్తకే కొన్ని కంప్యూటర్లు రీస్టార్ట్ అవుతాయి. అలాంటి ఖాళీ రానివ్వని రకం, 'ఆన్‌లైన్ యూపీఎస్' అంటారు, అద్దెకి తీసుకోండి. 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలు రెండు ఉంటే కాగితం మీద 2,400 వాట్-గంటలు, చేతికి వచ్చేది 1,500 దగ్గర. అంటే మూడున్నర గంటలు. ఏసీ దీని మీద నడవదు, కాబట్టి ఒక టేబుల్ ఫ్యాన్ దగ్గర పెట్టుకోండి. బెంగళూరు కరెంటు సంస్థ బెస్కాం ముందే ప్రకటించే కోతల జాబితాలో మీ ఏరియా ఉందేమో ఆ వారం చూసుకోండి. ఏప్రిల్, మే వద్దేవద్దు. సాయంత్రం గాలివానకి చెట్టు కొమ్మ విరిగితే కరెంటు తీగ, దానితోపాటే వేలాడే ఫైబర్ తీగ రెండూ తెగుతాయి.

అందుకే రెండు ఫైబర్ కనెక్షన్లు పెట్టుకుని ధైర్యంగా ఉండటం తప్పు. రెండూ ఒకే స్తంభం మీదుగా వస్తుంటాయి. ఒకటి ఫైబర్, రెండోది సిమ్ వేసిన రూటర్ అయి ఉండాలి. 128 కేబీపీఎస్ స్ట్రీమ్‌కి రోజుకి 1.4 జీబీ సరిపోతుంది, కానీ రోజుకి 1.5 జీబీ ప్యాక్‌తో అంచు మీద నడవకండి. శ్రోతలకి మీ గదిలోంచి కాకుండా హోస్టింగ్ సర్వర్ నుంచి పంపండి. 500 మంది వింటుంటే 64 మెగాబిట్లు కావాలి, ఇంటి కనెక్షన్ అప్‌లోడ్ దానికి తట్టుకోకపోవచ్చు. ఐస్‌కాస్ట్ అనే స్ట్రీమింగ్ సర్వర్‌లో ఫాల్‌బ్యాక్ మౌంట్, అంటే లైన్ పోతే దానంతటదే అందుకునే బదులు స్ట్రీమ్, పెట్టి ఉంచితే మీ లైన్ తెగినా శ్రోతకి పాట వస్తూంటుంది. అలా తెగిన సమయాన్ని లాగ్‌లో ఉన్నదున్నట్టు రాయండి. దాచిన అంతరాయం బయటపడితే మిగతా కాగితాలన్నింటినీ అనుమానిస్తారు.

పాటలు, హక్కులు

గంటకు 7 పాటలంటే 50 గంటలకి 350. నాలుగు గంటల్లోపు ఏ పాటా మళ్ళీ రాకూడదని మీకు మీరే నియమం పెట్టుకోండి. 400 పాటల జాబితా ఉంటే అసలు తిరగాల్సిన అవసరమే రాదు. జాబితాని రోజు గంటల ప్రకారం కట్టండి. తెల్లవారుజామున 3 నుంచి 5 దాకా జోలపాటలు, మెలోడీలు అస్సలు వద్దు. వినేవాళ్ళ సంగతి అలా ఉంచండి, ముందు నిద్రపోయేది ఆర్‌జేనే.

హక్కుల దగ్గర చాలామంది పొరబడతారు. హక్కుదారు ఒప్పుకోలు లేకుండానే నిర్ణీత రుసుము కట్టి పాటలు వేసుకోవడానికి ఎఫ్ఎం స్టేషన్లకి పనికొచ్చే చట్టబద్ధ లైసెన్స్, అంటే కాపీరైట్ చట్టం సెక్షన్ 31డి, ఇంటర్నెట్ ప్రసారానికి వర్తించదని బొంబాయి హైకోర్టు 2019లో తీర్పిచ్చింది. కాబట్టి ఇంటర్నెట్ రేడియో అయితే రికార్డింగ్ హక్కులకి మ్యూజిక్ కంపెనీల తరఫున లైసెన్స్ ఇచ్చే పీపీఎల్‌ని లేదా ఆ మ్యూజిక్ కంపెనీనే, సాహిత్యానికీ బాణీకీ రచయితల, సంగీత దర్శకుల సంఘం ఐపీఆర్‌ఎస్‌ని అడగాలి. ఇది రెండు నెలల ముందు మొదలుపెట్టే పని.

మైకు, గొంతు

డైనమిక్ మైకు వాడండి. కండెన్సర్ మైకైతే ఏసీ చప్పుడు, కింద ఆటోల హారన్ అన్నీ పట్టేస్తుంది. ష్యూర్ ఎస్ఎం7బీ లాంటి మైకైతే సుమారు 60 డెసిబెల్స్ గెయిన్, అంటే మైకు సిగ్నల్‌ని పెంచే మోతాదు, కావాలి. చవక మిక్సర్‌లో అంత పెంచితే బుస్సుమని శబ్దం వస్తుంది, ప్రీయాంప్ తగిలించాలి. గెయిన్ ఎక్కువ పెట్టి నెమ్మదిగా మాట్లాడటమే గొంతుని కాపాడే ఉపాయం. హెడ్‌ఫోన్ వాల్యూమ్ తక్కువ ఉంచండి. చెవిలో మోత ఎక్కువైతే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఏ లింకూ, అంటే పాటల మధ్య ఆర్‌జే మాట్లాడే ముక్క, 90 సెకన్లు దాటొద్దు. పొడుగు కబుర్లు ఫోన్ చేసేవాళ్ళకి వదిలేయండి.

గొంతు సవరించుకోవడం మానాలి. ఖంగుమని సవరించిన ప్రతిసారీ స్వరతంత్రులు ఒకదానికొకటి రాసుకుంటాయి. బదులుగా ఒక గుక్క గోరువెచ్చని నీళ్ళు. గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అనుకోవడమూ తప్పే, దానికీ శ్రమ ఉంది. నీళ్ళు గంటకి 150 నుంచి 200 మిల్లీలీటర్లు, గుక్కలుగుక్కలుగా. ఒకేసారి గ్లాసుడు తాగితే ఖాతాలోంచి బాత్రూం నిమిషాలు పోతాయి. అసలు తాగకపోతే రెండో రోజుకి గొంతు గరగరే.

రాసిన కాగితం తప్పనిసరి

మొదటి 20 గంటలు అప్పటికప్పుడు అల్లుకుని మాట్లాడొచ్చు. 30 దాటాక మాట తట్టదు, తట్టినా వాక్యం సగంలో తెగుతుంది. అందుకని శనివారం మధ్యాహ్నం నుంచి చెప్పే లింకులన్నీ ముందే రాసి అచ్చు వేయండి. అక్షరం 18 పాయింట్లు, వరుసల మధ్య బాగా ఖాళీ, కాగితానికి ఒకే లింకు. తెలుగు చిన్న అక్షరాల్లో ఉంటే అలసిన కంటికి వత్తులు పై అక్షరంలో కలిసిపోతాయి. "దృష్టి", "ఆర్ద్రత" లాంటివి తీసేసి "చూపు", "తడి" పెట్టుకోండి. సమయం చెప్పే లింకుల్లో అంకె కాకుండా అక్షరాల్లో "ఉదయం నాలుగున్నర" అని రాయండి.

ఫోన్లో ఎవరిని పిలవాలో గంటగంటకి పట్టిక వేసుకోండి. బెంగళూరులో తెలుగువాళ్ళు ఏ వేళ ఎక్కడుంటారో తెలిస్తే ఇది సులువు. శుక్రవారం రాత్రి 9 నుంచి 11 దాకా కడపకో అనంతపురానికో చిత్తూరుకో బస్సెక్కినవాళ్ళు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఖాళీగా ఉంటారు, మీ మంచి కార్యక్రమం అక్కడ పెట్టండి. అర్ధరాత్రి తర్వాత నైట్ షిఫ్ట్ సపోర్ట్ ఇంజనీర్లు, ఆసుపత్రి నర్సులు, ఎయిర్‌పోర్ట్ క్యాబ్ డ్రైవర్లు. తెల్లవారుజామున కె.ఆర్. మార్కెట్‌లో పూల బేరాలు జోరందుకునే వేళ, అక్కడినుంచి ఒక రిపోర్టర్ "అన్నా, బంతి పూలు కిలో ఎంత?" అని అడుగుతూ లైన్లోకి వస్తే ఆర్‌జేకి ఆ అరగంట ఇట్టే గడిచిపోతుంది. ఎదుటివాడికి జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు మెదడు మేలుకుంటుంది, పాటలు వరసగా వేస్తూ పోతే జోగుతుంది.

ఫోన్లకి 7 నుంచి 10 సెకన్ల డిలే, అంటే మాట ఆలస్యంగా ప్రసారమయ్యే ఏర్పాటు పెట్టి, రాకూడని మాట వస్తే కోసేసే బటన్ ప్రొడ్యూసర్ చేతిలో ఉంచండి. అలసిన ఆర్‌జే నోటికి కూడా ఆ బటన్ అవసరమే.

తిండి, కాఫీ

మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా: రెండు ఇడ్లీలు, ఉప్మా, ఉడికించిన గుడ్డు, అరటిపండు, పలచని రాగిజావ. ఆవకాయ, బిర్యానీ, బజ్జీలు వద్దు. పుల్లటి త్రేన్పులు గొంతుదాకా వచ్చి స్వరతంత్రుల్ని మండిస్తాయి. శ్రోతలు అభిమానంతో పట్టుకొచ్చే డబ్బాలన్నీ బృందానికి పంచండి.

కాఫీకి కూడా లెక్క ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి 24 గంటల్లో 400 మిల్లీగ్రాముల కెఫీన్ పరిమితి. చెంచాడు ఇన్‌స్టంట్ కాఫీలో సుమారు 60 ఉంటుంది. ఫిల్టర్ కాఫీ డికాక్షన్‌ని బట్టి మారుతుంది కాబట్టి ఈ రెండు రోజులూ కొలతకి దొరికే ఇన్‌స్టంట్ మేలు. వారం ముందునుంచి కాఫీ తగ్గిస్తే ఆ రోజు బాగా పనిచేస్తుంది. చిన్న కునుక్కి ముందు కాఫీ తాగి పడుకుంటే లేచేసరికి దాని ప్రభావం మొదలవుతుంది. శనివారం రాత్రి 8 తర్వాత మాత్రం చుక్క కూడా వద్దు. కెఫీన్ సగం దిగడానికే సుమారు 5 గంటలు పడుతుంది, పెద్ద నిద్ర పాడవుతుంది.

ఎప్పుడు ఆపాలి

ఇది మొదలుపెట్టకముందే కాగితం మీద రాసి, ఆర్‌జే సంతకం పెట్టాలి. ఆపే అధికారం ఒక్కరికే, వీలైతే డాక్టర్‌కి. లేనివి కనపడటం, వినపడటం, ఛాతీలో నొప్పి లేదా గుండె దడ, నిలబడితే తూలడం, తేదీ, ఉన్న చోటు చెప్పలేకపోవడం: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆపాలి. ప్రశ్న అడిగితే జవాబు రాకుండా, కళ్ళు తెరిచి ఉండగానే కొన్ని సెకన్లు ఆగిపోవడం కనిపిస్తే అది మైక్రోస్లీప్. ఒకసారైతే లేపి నిలబెట్టి లైట్లు పెంచండి, ఖాతాలో నిమిషాలుంటే కునుకు తీయించండి. అరగంటలో మళ్ళీ మళ్ళీ వస్తే ఆపేయండి. ఫిట్స్, బైపోలార్, గుండెజబ్బు, అదుపులో లేని షుగర్, బీపీ ఉన్నవాళ్ళు అసలు పూనుకోకూడదు. నిద్రలేమి ఫిట్స్‌నీ ఉన్మాదాన్నీ రేపుతుంది. గంటకోసారి లేచి నిలబడి మడమలు ఇరవైసార్లు ఎత్తిదించడం కూడా పట్టికలో రాయండి, కదలకుండా కూర్చుంటే కాళ్ళు వాస్తాయి.

ముగిశాక

24 గంటలు నిద్రలేని మనిషి స్పందన, రక్తంలో 0.10 శాతం మద్యం ఉన్నవాడితో సమానమని 1997 నాటి ఒక ప్రయోగం తేల్చింది. మన చట్టంలో బండి నడపడానికి పరిమితి 0.03. ఆర్‌జే, రాత్రంతా మేలుకున్న ప్రొడ్యూసర్లు ఎవరూ బండి తీయకూడదు. ఔటర్ రింగ్ రోడ్డు ఆదివారం ఖాళీగా ఉంటుంది కదా అని ఎవరైనా అంటే తాళాలు లాక్కోండి.

ఆర్‌జే ఇంటికెళ్ళి పడుకున్నాక కూడా మిగిలినవాళ్ళకి రెండు గంటల పని ఉంది. లాగ్‌షీట్లన్నీ వరుస నంబర్లతో స్కాన్ చేయడం, సాక్షుల ప్రకటనలు వాళ్ళు ఊరెళ్ళకముందే సంతకాలతో తీసుకోవడం, వీడియో ఫైళ్ళని రెండు వేర్వేరు డిస్కుల్లోకి తీసి, ఒక్కోదాన్నీ తెరిచి మొదటి నిమిషం, చివరి నిమిషం ఆడుతున్నాయో లేదో చూడటం. అది అయ్యేదాకా రికార్డు చేసిన కంప్యూటర్‌లోని ఫైళ్ళు తుడిచేయొద్దు, అద్దె డీవీఆర్ వెనక్కి పంపొద్దు.